ఒక్క చెవి, ఒక్క మైకు

ఆ పొద్దు నిద్ర లేస్తే నా ఎడమ చెవిలో లోకమే లేదు, సహోదరులారా! జ్వరం తగ్గిందని సంతోషపడతా సెల్లు ఆ చెవికి పెట్టుకుంటే ఇటుకరాయికి చెవి ఆనించినట్టుండాది.

నా పనేందో మన పుంగనూరు సంఘంలో అందరికీ తెలుసు. పాట రాసేది నేనే, రాగం కట్టేది నేనే, ఏ వాయిద్యం యాడ మోగాల్నో కూర్చేది నేనే, అందరి గొంతులూ కలిపి పాటగా దించేది నేనే. క్రిస్మస్ పాట కాడ్నించి పెండ్లిపాట, ఎలక్షన్ పాట దాకా, కన్నడమంటే కన్నడం, అరవమంటే అరవం, ఏది తెచ్చినా కాదనింది లేదు. మదనపల్లెలో నా స్టూడియోకి పోతే కాకి కూడా కోయిలై బయటికొస్తాదని నవ్వుకునేవాళ్లు. అట్లాంటోనికి చెవి పోతే ఇంకేముండాది, కంసాలికి కండ్లు పోయినట్టే గదా!

ఆస్పత్రిలో డాక్టరమ్మ సూదులేసింది, మాత్రలిచ్చింది, ఆఖరికి నరం దెబ్బ తినిందప్పా, ఇంక కుడి చెవన్నా కాపాడుకో అనేసింది. స్టూడియోకి పోయి హెడ్‌ఫోన్ తగిలించుకుని నా పాత పాటే పెట్టుకున్నాను. దాంట్లో నేను మగోళ్ల గొంతులు కుడి పక్కకీ, ఆడోళ్ల గొంతులు ఎడమ పక్కకీ పంచి పెట్టింటి, ఈ కాలంలో అందరూ అట్లే చేస్తారు. ఇప్పుడు నాకు ఆడోళ్ల గొంతులు ఒక్కటీ లేవు! నేను కట్టిన పాట నాకే సగం వినిపిస్తాంటే ఆడే కూలబడి ఏడ్చినాను. స్టూడియోకి తాళం వేసినాను, వచ్చిన పనులన్నీ తిప్పి పంపేసినాను.

నా భార్య గ్రేసు మాత్రం మోకాళ్లు వదల్లేదు. "ప్రభువా, ఈయప్ప చెవి పోయింది పోనీ, పాట మాత్రం పోనియ్యొద్దు తండ్రీ" అని ఆమె ప్రార్థన చేస్తాంటే నాకు ఒళ్లు మండేది. చెవి లేనోనికి పాటెందుకు అని నా బాధ!

కుప్పం కాడ గుడుపల్లె గ్రేసు పుట్టిల్లు. అక్కడి మందిరంలో కోత పండుగకి నన్ను ఈడ్చుకుని పోయింది. పోతే మందిరం మీద మైకులో నా ఆ పాత పాటే పెట్టిండారు! తప్పించుకుందామంటే దోవ లేదు. తలొంచుకుని వింటాండాను, పల్లవిలో మగోళ్ల గొంతులు వచ్చినాయి, వాటితో కలిసే ఆడోళ్ల గొంతులు రాలేదు. నా పాడు చెవే గదా అనుకుని కుడి చెవి మైకు తట్టు తిప్పినాను. అయినా రాలేదు! అప్పుడు చూస్తే ఏముండాది, పాట పెట్టే మిషనుకు ఒక్క వైరే తగిలించిండారు, కుడి పక్క పాట మాత్రమే మైకులోకి పోతాండాది.

అంటే ఏమప్పా? రెండు చెవులూ బాగుండే ఆ ఊరు ఊరంతా నా మాదిరే సగం పాట వింటాండాది!

ఇంతలో వాయిద్యాలు లేకుండా ఆడోళ్లు మాత్రమే పాడే చరణం వచ్చింది, మైకు మూగబోయింది, వంటల కాడ గరిటె పట్టుకోనుండే ఆడోళ్లు, పందిట్లో బిడ్డల్ని ఎత్తుకోనుండే ఆడోళ్లు అందరూ ఒక్కసారిగా అందుకున్నారు చూడండి! నేను కట్టిన రాగం కాదది, వాళ్లే కట్టుకున్నది, నా దానికంటే ఎంతో బాగుండాది! పక్కనుండే రూతమ్మవ్వ నవ్వి, "నీ పాట ఆడ ఆగిపోతాదప్పా, అందుకే మేమే పాడేస్తాము" అనింది. సంగతి తెలిసినాక నా చెవి మీద అరిచెయ్యి పెట్టి ప్రార్థన చేసింది: "దేవా, సగం పాడే మైకుతోనే మాతో నిండు పాట పాడించినావు. ఈ బిడ్డకీ ఆ సగంతోనే జరిపించు తండ్రీ!"

హల్లెలూయ! ఆ వారమే తాళం తీసినాను. గుడుపల్లె ఆడోళ్లనే మదనపల్లెకి పిలిపించి పాడించినాను. ఎడమా లేదు, కుడీ లేదు, అన్ని గొంతులూ నడిమధ్యలో పెట్టి, ఒక్క స్పీకరు ముందర, ఒక్క చెవితో ఆ పాట దించినాను. కుప్పం కూటాల్లో మోగింది, బైరెడ్డిపల్లెలో మోగింది, గంగవరంలో ఆటోల్లో కూడా మోగింది, యాడా ఒక్క గొంతు తప్పిపోలేదు! రెండు చెవులుండే బెంగళూరు మిక్సింగోళ్లు ఫోన్ చేసి, ఎట్ల కలిపినావు సార్, యాడ పెట్టినా ఒకే మాదిరి వస్తాది అని అడగతాండారు. ఒక చెవి మూసుకోండప్పా అంటాండాను!

ఈ పొద్దుకీ నా ఎడమ చెవి వినదు. దాని మీద నాకిప్పుడు బాధ లేదు. సహోదరీ, సహోదరుడా, నీ ఆరోగ్యంలోనో, నీ ఇంట్లోనో సగమే మిగిలిందని ఏడస్తాండావా? ఆ సగం ఆయన చేతికియ్యి, మిగతా సగానికి ఆయన కాడ మనుషులుండారు. ఇప్పుడు మన మైకులో కూడా నా పాత పాటే పెట్టమన్నాను, వైరు ఒక్కటే ఉండాది. అక్కలారా, పాట ఆగిన చోట ఊరికే కూర్చోవద్దండి, అందుకోండి! దేవునికే మహిమ!