ఆదివారం ఎండకు వదిలేసిన వడ్లు

కోదాడలో మా వీధికి ఆదివారం వచ్చిందని క్యాలెండర్ చూసి తెలుసుకోనక్కర్లేదు. పొద్దున్న ఏడున్నరకల్లా మూలమీది దుకాణం దగ్గర ఈకలు పీకిన కోళ్ళను మంట మీద కాల్చే వాసన మొదలవుతుంది. దాని వెనకే అల్లం వెల్లుల్లి నూరే వాసన, ఆ వెనక ఒక్కో కిటికీలోంచి ధనియాలు వేగే వాసన వరసగా నడిచివచ్చి, కాలేజీకి వెళ్ళడానికి చీర ఇస్త్రీ చేసుకుంటున్న నన్ను పలకరించి పోతాయి. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీలో ఆదివారం పరీక్షల దినం. వారమంతా చెప్పింది పిల్లల బుర్రల్లో నిలిచిందో లేదో చూడ్డానికి మిగతా ఆరు రోజులకూ తీరిక లేదు. ఎదురింటావిడ గేటు దగ్గర ఆపుతుంది. "ఇవాళ కూడా డ్యూటీయేనా మేడం? మీరు చర్చికి వెళ్ళరా?" "సాయంత్రం వెళ్తానండీ" అంటాను. ఆవిడ నమ్ముతుంది. మంచి మనిషి.

తుంగతుర్తి దాటాక బస్సు దిగి నడిచివెళ్ళే మా ఊళ్ళో, నా చిన్నతనంలో, ఈ అబద్ధానికి చోటు ఉండేది కాదు. మా ఇంట్లో ఆదివారం పొయ్యి వెలిగేది కాదు. శనివారం పొద్దు గూకేలోపు గోలెం నిండా నీళ్ళు పట్టాలి, బట్టలు ఉతికి మడత పెట్టాలి, బర్రె ముందు రెండు రోజుల గడ్డి వెయ్యాలి. నాకు జడలు కూడా శనివారమే వేసేవాళ్ళు. ఆదివారం దువ్వెన పట్టడం పని కిందికి వస్తుంది కనుక, నేను బోర్లా పడుకుని వాటిని తెల్లారేదాకా కాపాడుకునేదాన్ని. పాలు పితకడానికి మాత్రం మినహాయింపు ఉండేది. బర్రెకు బాప్తిస్మం లేదు. ఊళ్ళో మిగతా క్రైస్తవులంతా ఆరాధన ముగియగానే ఇంటికి వెళ్ళి కోడికూరతో దేవుణ్ణి స్తుతిస్తుంటే, మేము మాత్రం ముందురోజు వండిన సద్దన్నం, పొయ్యితో అవసరం లేని పచ్చిపులుసు, ఒక ఉల్లిగడ్డ ముందు పెట్టుకుని, గోడ అవతలి నుంచి వచ్చే వాసనను నంజుకునేవాళ్ళం.

ఈ చట్టం మా నాయనమ్మది. బాప్తిస్మమప్పుడు ఆమెకు మార్తమ్మ అని పేరు పెట్టారు. బైబిల్లో మార్త అంటే సాక్షాత్తూ ప్రభువే ఇంటికి వచ్చినా వంటపని వదలని మనిషి. వారంలో ఆరు రోజులు నాయనమ్మ ఆ పేరుకు లోటు రానివ్వలేదు. పక్కింటి గొర్లకాపరి మల్లయ్య తాత ఆమెను ఊరికే ఉండనిచ్చేవాడు కాదు.

"ఏం మార్తక్కా, ఆరు దినాలకే మీ దేవునికి అలుపొచ్చిందా?"

"పని సక్కగ చేసినోనికి అలుపొస్తది మల్లయ్యా. నీకేం తెలుస్తది."

నవ్వుతూనే అనేది కానీ, దాని వెనక నవ్వులాట కాని ఒప్పందం ఒకటుంది. మా నాయన అయిదేళ్ళవాడిగా ఉన్నప్పుడు జ్వరంతో కళ్ళు తేలేశాడట. సూర్యాపేట దవాఖాన నుంచి ఎడ్లబండిలో ఇంటికి తెస్తూ, ఈ పిల్లగాడు బతికితే నా ఇంట్లో ఆదివారం ఏ చెయ్యీ పనికి లేవదని ఆమె దేవుడికి మాట ఇచ్చింది. ఊరి పొలిమేర చేరేసరికి పిల్లవాడు మంచినీళ్ళు అడిగాడు. అప్పటినుంచి నాయనను ఆమె కన్నకొడుకుగా కంటే, అడిగి తెచ్చుకున్నవాడిగా చూసేది. "ఇచ్చినోడు ఇచ్చిండు. మాట తప్పితే వాపసు తీస్కుంటడు" అనేది, వాన వస్తదన్నంత మామూలుగా. నాకు ఊహ తెలిసేనాటికి నాయన మీసాలున్న మనిషి, ఒక పిల్లకు తండ్రి. అయినా ఆదివారం ఆయన చెప్పు తెగితే సోమవారం దాకా అది తెగే ఉండేది. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నాయనమ్మ పక్కన కూర్చుని, ఆయన ఛాతీ లేచి పడుతోందా లేదా అని చూసేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు వానాకాలం పంట ఎండిపోయింది. రెండో పంటగా యాసంగిలో బోరు కింద పండిన ఎకరం వడ్లే ఏడాది పొడుగునా మా తిండి. శుక్రవారం కోసి కొట్టి, శనివారం కల్లంలో ఆరబోశారు. పచ్చి వడ్ల తీపి వాసన, కాళ్ళకు గుచ్చుకునే నూగు, నడుస్తూ కాళ్ళతో గీసిన చాళ్ళు, అన్నీ మామూలే. గాలి మాత్రం ఆడలేదు. సాయంత్రం మల్లయ్య తాత మందను తోలుకొస్తూ కల్లం దగ్గర ఆగాడు.

"అక్కా, గొర్లు మేత ముట్టతలేవు. ఒకదాని కడుపు కింద ఒకటి తలకాయ దూరుస్తున్నయ్. వడ్లు కప్పుకోండ్రి."

నాయన పరదా తెచ్చాడు. ముప్పై అడుగుల టార్పాలిన్ అది, అక్కడక్కడా అతుకులు. నాయనమ్మ దాన్ని కాసేపు చూసింది.

"ఇయ్యాల కప్పితే రేపు తియ్యాలె. తియ్యకుంటె పచ్చివడ్లు ఉబ్బరిస్తయ్. తీసుడు పనే గద."

"మరి వానొస్తే?" అన్నాడు నాయన.

"ఆయన దినం నాడు ఆయనే సూస్కుంటడు."

ఈ తర్కంలో ఎక్కడా పగులు లేదు. పరదాను మడతపెట్టి, వడ్ల పక్కన ఉంచి, ఎగిరిపోకుండా మీద రాళ్ళు పెట్టి ఇంటికి వచ్చాం.

మా చర్చి రేకుల షెడ్డు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, మధ్యలో ఎవరూ కూర్చోని చాప. ప్రసంగానికి ముగింపు ఉంటుందని విశ్వాసం ఉన్నవాళ్ళమే అక్కడ కూర్చునేవాళ్ళం. ఆ రోజు పదకొండు దాటాక, అయ్యగారి చేతిలోని బైబిలు మెల్లగా ఎవరో దీపం తగ్గించినట్టు నల్లబడింది. ఆయన పుస్తకాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. బయట కుక్కలు మొరగడం మానేశాయి. దూరంగా ఉరిమింది. మిగతావాళ్ళంతా శనివారమే తమ వడ్లు కప్పుకుని వచ్చారు కనుక వాళ్ళు నిశ్చింతగా కళ్ళు మూసుకున్నారు. నాయన కళ్ళు తెరిచే ఉన్నాయి. నాయనమ్మ కళ్ళు నాయన మీద ఉన్నాయి.

రెండో ఉరుముకు నాయన సగం లేచాడు. నాయనమ్మ కూర్చున్నచోటి నుంచే వేలు చూపింది. ఆయన కూర్చున్నాడు. రేకుల మీద ఒక చినుకు పడింది. చాలాసేపటికి, లేదా నాకు అలా అనిపించిందేమో, ఇంకొకటి పడింది. నాయన ఈసారి పూర్తిగా లేచి, గుమ్మం దాకా వెళ్ళాడు.

అప్పుడు నాయనమ్మ లేచింది. ప్రసంగం మధ్యలో ఆమె లేవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. చాప దాటి వెళ్ళి, కొడుకు భుజం పట్టి కిందికి నొక్కింది.

"నువ్వు కూసో. లేస్తె నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టడమూ పాపమే. ఆ రోజు ఆమె పాపాల్ని విడివిడిగా చూసే స్థితిలో లేదు. నాయన కూర్చున్నాడు. ఆమె బయటికి నడిచింది. అమ్మ చంటి తమ్ముణ్ణి సముదాయిస్తుండగా నేను చెప్పులు వదిలే గుమ్మంలోంచి జారుకున్నాను.

నేను కల్లం చేరేసరికి ఆమె రాళ్ళు తోసేసి పరదా విప్పుతోంది. గాలి దాన్ని తన్నుకుపోతోంది. ఒక అంచు మీద ఆమె మోకాళ్ళేసి కూర్చుంటే, అవతలి అంచు మనిషెత్తు లేచి చప్పట్లు కొడుతోంది. నేను అవతలికి పరుగెత్తి, ఒక మూల పట్టుకుని దాని మీద బోర్లా పడ్డాను. నా బరువు అప్పట్లో అరబస్తా కూడా ఉండదు. అయినా పరదా దిగింది. ఆమె వంగి వంగి మిగతా అంచుల మీద రాళ్ళు దొర్లించింది. అంతలో వాన ఒక్కసారిగా, వడగళ్ళతో కలిసి వచ్చింది. అప్పుడే మల్లయ్య తాత చెలకలోని తాటిచెట్టు మీద పిడుగు పడింది. చెట్టు తల వానలోనే మండింది.

నాయనమ్మ దాన్ని చూస్తూ నిలబడింది. తలుపు తట్టినవాడు ఎవరో తెలిసినట్టు ఉంది ఆమె ముఖం. భయం లేదు. తర్వాత ఇటు తిరిగి నన్ను చూసింది. భయం అప్పుడు వచ్చింది.

"నువ్వెప్పుడొచ్చినవే?"

"నీ ఎన్కనే వచ్చిన."

"ఎన్ని మూలలు పట్టినవ్?"

"ఒక్కటే."

ఆమె నన్ను గబుక్కున కొంగు కింద కప్పేసింది, పైనుంచి కనబడకుండా.

"ఇగ సూడు బిడ్డా. నాలుగు మూలలు నేనే పట్టిన. ఎవలడిగినా గిదే చెప్పు."

"ఎవలడుగుతరు నానమ్మా?"

ఆమె కొంగును నా ముఖం మీదికి ఇంకాస్త లాగి, మబ్బుకేసి చూసింది.

వడ్లు దక్కాయి. ఎవరూ ఎవర్నీ మెచ్చుకోలేదు. నాయన ఆ రోజు గురించి ఇప్పటికీ మాట్లాడడు. నాయనమ్మ ఆ వారమే తన వెండి కడియాలు అమ్మకు ఇచ్చేసింది, బర్రెను ఎలా పితకాలో రెండోసారి నేర్పింది, మల్లయ్య తాతతో పాత తగువులన్నీ సర్దుకుంది. ఆయన హడలిపోయాడు. ఆమెకు ఏమీ కాలేదు. ఆ వానాకాలం జ్వరం నాకు వచ్చింది.

సూర్యాపేట దవాఖానలో నా మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఆమె మూడు రోజులు ఒకే మాట చెప్పింది, ఫ్యానుకేసి చూస్తూ: "నాలుగు మూలలు నేనే పట్టిన. పిల్ల గాడ లేనే లేదు." నర్సు ఈ ముసలామెకు జర ఏదైనా మందు ఇప్పించుమని అమ్మకు చెప్పింది. జ్వరం దిగాక డాక్టరు గోలీల మహిమ అన్నాడు. నాయనమ్మ ఆయనతో వాదించలేదు.

ఆ తర్వాత ఆమె పదిహేడేళ్ళు బతికింది. ఆ పదిహేడేళ్ళనూ వాయిదా అనే అనుకుంది. చివరికి ఒక గురువారం పొద్దున, నిద్రలో, శిక్ష అనడానికి వీల్లేనంత తేలిగ్గా పోయింది.

ఇప్పుడు ఊళ్ళో చర్చికి స్లాబు పడింది, వాన వచ్చినా లోపల తెలియదు. నాయన వడ్లు ఆరబోయడం మానేసి, మిషను కోసిన పచ్చి వడ్లను అటునుంచటే మిర్యాలగూడ మిల్లుకు పంపుతాడు, ఆదివారం లారీ దొరికితే ఆదివారమే. మల్లయ్య తాత లేడు. ఛాతీ లేచి పడుతోందా అని ఒకరి పక్కన ఒకరు కూర్చుని చూసే ఆదివారాలు మా ఇంట్లో లేవు. నేను పరీక్షహాల్లో పేపర్లు పంచుతుంటాను.

నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఏదో ఒకరోజు అడుగుతారని మాత్రం నాకు నమ్మకం. ముప్పై అడుగుల పరదాను ఆ గాలిలో ఒక్క ముసలామె పట్టలేదని, ఆ గాలిని పంపినవాడికి తెలియకపోదు. కానీ ఆమె ఈపాటికి అక్కడ తన మాట చెప్పేసి ఉంటుంది, కళ్ళలోకి చూస్తూ, రెప్ప వేయకుండా. నేను వేరే మాట చెబితే ఆమె ఇరుక్కుంటుంది.

అందుకని నాలుగు మూలలూ ఆమే పట్టింది. నేను అక్కడ లేను.