ప్రవళిక ఎక్కించిన కొత్త సిస్టం

కోస్గి బస్టాండు వెనక సందులో నా టైలరింగ్ దుకాణం. నా పేరు నాగరాణి. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను, పక్క దుకాణం సంగతులన్నీ వింటాను. వినక తప్పదు, మధ్యలో ఉన్నది రేకు గోడ. గోడకు అవతల దామోదర్ నెట్ సెంటర్. ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను ఎప్పుడూ దామోదర్ వైపే తిరిగి ఉండేది. మనిషి గురించి అంతకంటే చెప్పక్కర్లేదు గానీ నేను చెప్తాను, ఎందుకంటే తన బండి రోజూ నా మెట్ల మీదికి ఎక్కించి పెట్టేవాడు.

అయితే ఈ కథ అతనిది కాదు, అతని దగ్గర పనిచేసిన ప్రవళికది. గొర్లకాపరి మారయ్య బిడ్డ. పక్క పల్లె నుంచి ఆటోలో వచ్చేది. డిగ్రీ అయిపోయింది, చేతిలో పని ఉంది, నోట్లో మాట తక్కువ. ఆ పిల్లకు ఒక అలవాటు ఉండేది. కంప్యూటర్ ఏదైనా అడిగితే లోకమంతా చదవకుండా సరే అని నొక్కుతుంది. ఆమె మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేది. జ్వరం గోలీల డబ్బాలో మడిచిపెట్టిన కాగితం కూడా విప్పి చదివే రకం.

తెలంగాణ వచ్చిన ఏడాది, బతుకమ్మ పండుగకు ముందు ఒకరోజు పొద్దున నుంచి ముసురు. ప్రవళిక సద్ది డబ్బా ఇంట్లో మరిచిపోతే మారయ్య తెచ్చాడు. నెత్తి మీద గొంగడి, చేతిలో కట్టె. తడిసిన గొంగడికి వాసన ఉంటుంది, లేదని నేననను. అప్పుడు లోపల ఏదో ఉద్యోగానికి అప్లికేషన్లు పెట్టేవాళ్లు నిండి ఉన్నారు. దామోదర్ కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు.

"ఓ పెద్దమనిషీ, జర బయట కూసో. గొర్ల వాసన వస్తాంది. నా గిరాకీ పారిపోతది."

"అట్లనే సేటు" అని మారయ్య బయటికి వచ్చి, చెప్పులు విప్పే చోట, చూరు నీళ్లు పడే చోట కూర్చున్నాడు. బిడ్డ తిన్నాక డబ్బా తీసుకుపోవాలని కూర్చున్నాడు. కీబోర్డు మీద ప్రవళిక చెయ్యి అలాగే ఆగిపోయింది. నేనూ చూశాను. నా దుకాణంలో ఖాళీ స్టూలు ఉంది. పిలవొచ్చు. నా బల్ల మీద పెళ్లివాళ్ల పట్టుబట్టలు పరిచి ఉన్నాయి, నేనూ పిలవలేదు.

సాయంత్రం ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"రాణక్కా, మా నాయినను చెప్పుల కాడ కూసోబెట్టిండు."

"వాని నోరే అంత. మర్చిపో బిడ్డా."

"మర్చిపోను. పగ తీర్చుకుంటా. వాణ్ని గదే జాగల నిలబెడ్త."

ఇంట్లో మారయ్య మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడట. "వాసన ఉన్నమాట నిజమే గదా బిడ్డా, దానికి ఫికరెందుకు" అన్నాడట. ఆ మాట విన్నాక ప్రవళికకు దామోదర్ మీద కోపం రెట్టింపయింది. తండ్రికి రోషం లేకపోతే ఆ రోషం కూడా తానే పడాలనుకుంది.

దసరా దాటింది. దామోదర్ ఒకరోజు మహబూబ్‌నగర్ పోయి వచ్చి, పెద్ద వార్త తెచ్చినట్టు చెప్పాడు. "కొత్త సిస్టం ఊరికే ఇస్తున్నరట. అన్ని మిషన్లల్ల ఎక్కియ్యి." ఊరికే వస్తే నాకొకటి, మా తాతకొకటి అనే మనిషి. సిస్టం అంటే కంప్యూటర్‌ను నడిపించే అసలు ప్రోగ్రామట. అప్పటిదాకా ఆరు మిషన్లలోనూ దాని దొంగ కాపీలే నడుస్తున్నాయి.

ఆ ఇచ్చేది ఇంకా పూర్తిగా తయారు కాని సిస్టమట. వాడి చూసి తప్పులు చెప్పండి అని కంపెనీవాళ్లు ముందుగా జనం మీదికి వదులుతారట. బీటా అంటారట. నాకు అర్థమయ్యేలా ప్రవళికే చెప్పింది. "నువ్వు జాకెట్‌కు ముందు కచ్చా కుట్టు ఏసి తొడిగిచ్చి చూస్తవు గదా రాణక్కా, గట్ల."

ఆమె ముందు మూలకున్న ఒక్క మిషన్‌లో ఎక్కించి పది రోజులు వాడి చూసింది. నిజం చెప్పాలంటే ఆ పది రోజులూ ఆమె సంతోషంగా ఉంది. మిషన్ చకచకా లేచేది. కానీ ప్రింటర్‌ను గుర్తుపట్టేది కాదు. కునుకు తీస్తే మళ్లీ లేచేది కాదు. ఒక్కోసారి తెలుగు అక్షరాలు ఖాళీ గడులైపోయేవి. కనిపించిన ప్రతి తప్పూ కంపెనీకి రాసి పంపేది. నెల తర్వాత తెలుగు అక్షరాల తప్పు సరి అయి వస్తే "నేను రాసింది దిద్దిన్రు రాణక్కా" అని గోడ మీద తట్టి మరీ చెప్పింది. ఎవరు రాసింది చూసి దిద్దారో గానీ, ఆ సందులో ఆమె మాట లెక్కలోకి తీసుకున్నది ఆ కంపెనీ ఒక్కటే.

ఎవరూ చదవని పేజీలో ఆమె ఇంకొకటి చదివింది. ఈ పరీక్ష సిస్టం ఏప్రిల్ పదిహేను వరకే నడుస్తుంది. ఆ లోపల పాతదైనా, అసలుదైనా ఎక్కించుకోకపోతే మిషన్ దానంతట అదే ఆగిపోతుంది, తర్వాత లేవదు.

అది చదివి నా దుకాణానికి వచ్చింది. నవ్వుతోంది. ఆ పిల్ల అలా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు.

"చెప్పకుండ ఎక్కిస్తే మోసమైతది" అంది. "చెప్పే ఎక్కిస్త. రేపు గుడికాడ తడిబట్టలతోని ప్రమాణం చెయ్యమన్నా చేసేటట్టు చెప్త."

మా వైపు ఏ తగాదా వచ్చినా చివరికి తేలేది అక్కడే. నెత్తి మీద నుంచి నీళ్లు పోసుకొని, తడిబట్టలతో దేవుడి ముందు నిలబడి, చెప్పాను అని అన్నవాడిదే గెలుపు. కాగితాలు ఎవడికి కావాలి? ప్రవళిక ఆ ప్రమాణానికి ఆరు నెలల ముందే సిద్ధమైంది. మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ దామోదర్ ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నప్పుడే చెప్పింది. మూడుసార్లూ ముందుగా నన్ను "రాణక్కా, జర పిన్నీసు ఇస్తవా" అని పిలిచింది. నేను పిన్నీసు పట్టుకొని గుమ్మంలో నిలబడితే, "సార్, ఇది ఏప్రిల్ పదిహేను దాకనే నడుస్తది" అనేది. అతను చెవిన పెట్టకుండా చెయ్యి ఊపేవాడు. మూడోసారి మాత్రం ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "కంప్యూటర్ల సంగతి నువ్వు నాకు చెప్తవా? ఎక్కియ్యమంటే ఎక్కియ్యి" అన్నాడు. ఆరు మిషన్లలోనూ ఎక్కించింది.

నేను మధ్యలో కల్పించుకొని అసలు విషయం చెప్పొచ్చు. నా మెట్ల మీద బండి చూసి ఊరుకున్నాను.

శివరాత్రికి ప్రవళిక పని మానేసింది. సందుకు అవతలి వైపు పుల్లమ్మ అనే ఆమె గది కిరాయికి తీసుకొని, పాత కంప్యూటరొకటి పెట్టింది. అందులో పాత సిస్టమే. కొత్తది ఎందుకు వేయలేదని అడిగితే, "కచ్చా కుట్టు బట్టతోని బజారుకు పోతరా?" అంది. గిరాకీ అంతంతమాత్రం. రోజంతా ఎదురుగా దామోదర్ గుమ్మం చూస్తూ కూర్చునేది.

ఏప్రిల్ మొదటి నుంచి అతని మిషన్లు హెచ్చరించడం మొదలుపెట్టాయి. రోజుకు పది సార్లు తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చేది. "యాడ్లు, తీసెయ్యున్రి" అని గిరాకీకి చెప్పేవాడు. తనూ మూసేసేవాడు. గోడ ఇవతల కూర్చొని నేను వింటూనే ఉన్నాను.

పదిహేనో తారీఖు వచ్చింది. అదే రోజు పిల్లల ఎంట్రెన్స్ పరీక్షకు అప్లికేషన్ ఆఖరి రోజు, సాయంత్రం ఐదింటికి బంద్. దామోదర్ బిడ్డ వర్షిత కూడా ఆ పరీక్షే రాయాలి. సొంత దుకాణం ఉన్నోళ్లకు తొందరేముంది అని నెల రోజులుగా వాయిదా వేస్తూ వచ్చాడు. పదకొండింటికి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని నింపుతుంటే మిషన్ ఆరిపోయింది. పక్కది ఆరింది. మళ్లీ లేపితే మళ్లీ ఆరింది. మధ్యాహ్నానికి ఆరింటిలో ఒక్కటీ లేవలేదు. మహబూబ్‌నగర్ మెకానిక్‌కు ఫోన్ చేస్తే రేపు వస్తానన్నాడు. జనం కాగితాలు పట్టుకొని సందు దాటి ప్రవళిక గదికి పోయారు.

ఆమె ఆ రోజుకని తండ్రిని పిలిపించింది. "ఇయ్యాల జర రా నాయిన, నా దుకాణం చూద్దువు" అని ఆటో పంపింది. లోపల ఫ్యాను కింద కుర్చీలో మారయ్య, ఒళ్లో మడిచిన గొంగడి. నేను నా దుకాణం మూసి వెళ్లి ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఇంత చూసి చివర చూడకుండా ఉంటానా?

మూడింటికి దామోదర్ బిడ్డను వెంటబెట్టుకొని వచ్చాడు.

"ఏం ఎక్కిచ్చినవే నా మిషన్లల్ల? నాకెందుకు చెప్పలే?"

"మూడుసార్లు చెప్పిన సార్. తడిబట్టలతోని ప్రమాణం చేస్త, నడువున్రి గుడికి. సాక్షి రాణక్క."

అందరూ నా వైపు చూశారు. "చెప్పింది. మూడుసార్లూ నేను అక్కడే ఉన్న" అన్నాను. అబద్ధం కాదు. ఆ మాట అంటున్నప్పుడు నా నోటికి ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

దామోదర్ గొంతు దిగింది. "సరే, అయిందేదో అయింది. పిల్లది ముందు పెట్టు."

"మీ ముందల పదకొండు మందున్నరు. వర్షితా, నువ్వు లోపలికి వచ్చి లైన్ల కూసో. సార్, మీరు బయట. లోపల జాగ లేదు."

అతను బయట, చెప్పుల దగ్గర, మిట్ట ఎండలో నిలబడ్డాడు. ప్రవళిక ఒక్కో అప్లికేషన్ తప్పు లేకుండా, తొందర లేకుండా నింపింది. మధ్యమధ్య తలెత్తి గుమ్మం వైపు చూసేది. నాలుగు నలభైకి వర్షిత వంతు వచ్చింది. నెట్ మెల్లగా ఉంది, పిల్ల ఏడుపు ఆపుకుంటోంది. ఐదింటికి ఎనిమిది నిమిషాలుండగా అప్లికేషన్ వెళ్లింది. తర్వాత నాతో అంది, "ఆగిపోతే బాగుండనుకున్న రాణక్కా. కానీ నా చేతి పని తప్పైతదని పంపిన."

పగ తీరింది, ఇక లేద్దామనుకున్నాను. అప్పుడు మారయ్య గుమ్మం వైపు చూశాడు. "ఎండల ఎందుకు నిలబడ్డవ్ సేటు, లోపలికి రా" అన్నాడు. ప్రవళిక మొహం మాడిపోయింది. "నాయిన, నువ్వు ఊకో" అంది. ఆయన ఊరుకోలేదు. అతన్ని పిలిచి బెంచీ మీద తన పక్కన కూర్చోబెట్టాడు, చెంబుతో నీళ్లిచ్చాడు. దామోదర్ సగం తాగాడు. ఆరు నెలలు పడ్డ పాటు ఈ ముసలాయన ఒక్క చెంబు నీళ్లతో పాడుచేశాడే అనుకున్నాను.

మారయ్య ఒళ్లోని గొంగడిని తన వైపు లాక్కున్నాడు. బిడ్డతో మాట్లాడే గొంతుతోనే, మెల్లగా, గదిలో అందరికీ వినపడేటట్టు అన్నాడు.

"జర దూరం జరిగి కూసో సేటు. నాకాడ గొర్ల వాసన వస్తాంది. నీ గిరాకీ పారిపోతది."

ఏడు నెలలు ఆ మాటలు పొల్లు పోకుండా దాచుకున్నాడు. దామోదర్ చెంబు కింద పెట్టి, బిడ్డ చెయ్యి పట్టుకొని, తల ఎత్తకుండా వెళ్లిపోయాడు. ప్రవళిక చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. మారయ్య తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కూడా జర జరుగుతవా బిడ్డా" అని అడిగాడు. ఆ ముసురు రోజు నా దుకాణంలోని ఖాళీ స్టూలు గుర్తొచ్చింది, తల దించుకొని అక్కడే కూర్చున్నాను.