మూడు హెడ్‌ఫోన్లు వాపసిచ్చిన సింహాద్రి

మా నాన్న సింహాద్రి తలకు ఆవనూనె రాస్తాడు. నలుగురూ రాసుకున్నట్టు కాదు, జుట్టంతా తడిసి, చెవుల వెనక నుంచి మెడ మీదికి జారేదాకా రాస్తాడు. విజయనగరం పక్క పల్లె నుంచి భిలాయి వచ్చిన కొత్తలో ఆయన కొబ్బరినూనె మనిషే. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో పక్కన పనిచేసిన బీహారు వాళ్ళు ఈ అలవాటు అంటించారు. ఆయన పడుకున్న దిండు, కూర్చున్న కుర్చీ, చివరికి తల ఆనించిన గోడ కూడా జిడ్డోడుతూ ఘాటుగా వాసన కొడతాయి. చిన్నప్పటి నుంచీ నాకది రోత. ఇది ముందే చెప్పడమెందుకంటే, తరవాత జరిగిన పాపమంతా ఆ రోతలోంచే పుట్టింది.

నా పేరు రాజశ్రీ. సెక్టర్ 6లో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసినప్పటి నుంచి, అంటే పన్నెండేళ్ళుగా, నాన్న నెహ్రూ నగర్‌లో మా ఇంట్లోనే ఉంటున్నాడు. ముందు గదిలో నేను పిల్లలకు ట్యూషన్ చెబుతాను. నడవలో ఆయన రేడియో పెడతాడు. ఆయన పెట్టిన రేడియో వీధి చివరి కిరాణా కొట్టు దాకా వినబడుతుంది. నేను ఇటు హిందీలో భిన్నాలు చెబుతుంటే అటు హార్మోనియంతో నాటకాల పద్యాలు. పిల్లలు లెక్క మానేసి రాగం తీస్తారు. తగ్గించమంటే తగ్గిస్తాడు, నేను వెనక్కి తిరగ్గానే మళ్ళీ పెంచుతాడు. చీదరెత్తి, జేబులో పట్టే పాటల పెట్టె ఒకటీ చెవులకు హెడ్‌ఫోనూ కొనిపెడదామని ఆదివారం ఆయన్ని సుపేలా బజారుకు తీసుకువెళ్ళాను.

ఫోనులోనే వినొచ్చు కదా అని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. పద్యం మంచి పట్టులో ఉండగా ఎవడో ఫోను చేసి లోను కావాలా అంటాడట, ఆ గొడవ తనకు పడదట.

కొట్టు రాజేంద్రది. మన తెలుగువాడే, ఇక్కడే పుట్టాడు. నాన్నను చూడగానే గల్లా వదిలి లేచి నిలబడ్డాడు. కారణం ఉంది. నాన్న మిల్లులో ఫిట్టరు. నడుస్తున్న మోటారు మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, ఏ బేరింగు ఎన్నాళ్ళలో పోతుందో చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు. రిటైరయ్యాక కూడా పంపు మొరాయిస్తే ఈ చుట్టుపక్కల జనం ఆయన్ని బండి మీద ఎక్కించుకుపోతారు. రాజేంద్ర ఇంటి పంపుకీ ఆయనే వైద్యుడు. సింహాద్రి చెవి అంటే ఇక్కడి తెలుగువాళ్ళకు కోర్టు తీర్పు లాంటిది. ఆయన కూడా ఆ చెవిని చూసుకునే బతికాడు.

సరుకు చూపించింది నీలిమ అనే అమ్మాయి. ఇరవయ్యేళ్ళుంటాయి, తెలుగు తక్కువ, ఓపిక ఎక్కువ. నాన్న ప్రతి పెట్టెనీ అరచేతిలో తూచి, కొబ్బరికాయలా చెవి దగ్గర ఆడించి చూశాడు. గాజు తెర మీద వేలితో రుద్దేవి ఒద్దన్నాడు. చివరికి అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, చూడకుండానే వేలికి తగిలే బొత్తాలున్నది ఏరుకున్నాడు. నీలిమ అందులో పాత పాటలూ పద్యాలూ వేసిచ్చింది.

తరవాత చెవులకి పెట్టుకునేవి. గాజుబల్ల మీద అందరూ పెట్టి చూసుకునే జత ఒకటి పడి ఉంది. దాని రబ్బరు మీద ఎవరిదో పచ్చటి గులిమి. నాన్న చూడనైనా చూడకుండా తీసి చెవిలో దూర్చుకున్నాడు. నేను మొహం రోడ్డు వైపు తిప్పేసుకున్నాను. నీలిమ ఆయన చెవిలోంచి మెల్లగా తీసి, రబ్బరు మార్చి, మళ్ళీ ఇచ్చింది. అవి జారిపోతున్నాయంటే చెవులు పూర్తిగా మూసే పెద్ద దిండ్ల హెడ్‌ఫోను పెట్టింది. బయట ఆటోల హారన్లు, లోపల జనం. నాన్న తలాడించాడు. కొనేశాం.

ఇంటికి వచ్చి నడవలో కూర్చుని పెట్టుకున్నాక, ఎడం పక్క పలకడం లేదన్నాడు.

మంగళవారం తిరిగి వెళ్ళాం. రెండు రోజులకే ఆ నల్ల దిండ్లు ఆవనూనె తాగి మెరుస్తున్నాయి. నీలిమ వాటిని తన చున్నీతో తుడిచి, చెవులకు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింది. రెండు వైపులా వస్తోంది తాతగారూ అంది. నాన్న గొంతు లేచింది. ముప్పై నాలుగేళ్ళు మిల్లులో అరిచిన గొంతు అది. రాజేంద్ర పరుగున వచ్చి, హెడ్‌ఫోనును వైరు పట్టుకుని రెండు వేళ్ళతో ఎత్తాడు, చచ్చిన ఎలకను ఎత్తినట్టు. చెవికి పెట్టుకోలేదు. సింహాద్రి బాబాయి చెవికి తెలియనిదా అంటూ నవ్వి కొత్తది ఇప్పించాడు. నేనూ పెట్టుకు చూడలేదు. ఆ జిడ్డు నా చెవులకు తగలడం నాకు చావుతో సమానం.

గురువారం రెండోది తీసుకువెళ్ళాం. అదే తంతు. తుడిచిందీ విన్నదీ నీలిమే, నమ్మనిది మేం ముగ్గురం.

శనివారం మూడోది. అప్పటికి నాకు తిరగలేక విసుగు నషాళానికి అంటింది. కొట్టు నిండా జనం. నీలిమ మళ్ళీ అదే మాట అనేసరికి నా నోరు ఊరుకోలేదు.

"భయ్యా, వాపసు వచ్చిన పీసులే డబ్బా మార్చి మాకు అంటగడుతోంది మీ పిల్ల. మంచివి ఎక్కడికి పోతున్నాయో అడగండి."

ఆ మాటకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఊరికే అనేశాను, పళ్ళ కొట్టు దగ్గర కుళ్ళిన పండు చూసి అనేసినట్టు. రాజేంద్ర నవ్వు ఆగిపోయింది. నీలిమ వైపు ఒకసారి చూసి, ఖరీదైనదొకటి సీలు విప్పకుండా తన చేత్తో నాకిచ్చాడు.

ఇంటికి రాగానే సీలు నేనే విప్పాను. కొత్తది, శుభ్రంగా ఉంది కాబట్టి ముందు నేనే పెట్టుకున్నాను. రెండు వైపులా పద్యం గంటలా మోగింది. తీసి నాన్నకు పెట్టాను. ఎడం పక్క లేదన్నాడు. తరవాత దాన్ని తీసి, ఎడమ దిండు కుడి చెవి మీదికి వచ్చేలా తిప్పి పెట్టాను. ఇప్పుడే పక్క లేదని అడిగాను.

"ఎడం పక్కే" అన్నాడు. అని, నా మొహం చూశాడు.

ఆడలేక మద్దెల ఓడంటారు. మేం వినలేక మూడు మద్దెలలు వాపసిచ్చి వచ్చాం.

నాకు అప్పుడు ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి. స్కూటరు వెనక కూర్చుని ఏదైనా చెబితే కుడి భుజం మీంచి చెప్పమనేవాడు. భోజనానికి కూర్చుంటే మమ్మల్నందరినీ కుడి పక్కకే పిలిచేవాడు. మిల్లు మనుషులంతా అరిచే మాట్లాడతారు కాబట్టి ఆయన అరుపు మాకెవరికీ వింతగా తోచలేదు. ప్లాంటులో ఇయర్ ప్లగ్గులు ఇచ్చేవారు. రెండు చెవులూ మూస్తే పిలిస్తే పలికేదెవరని ఈయన వాటిని పెట్టెలో పడేసేవాడు.

"కుడిది పని సెవి" అన్నాడు చివరికి. "దాన్ని కాపాడుకున్నాను. బేరింగు ఇనీటప్పుడు తప్ప దూది తీసీవోణ్ణి కాదు. ఎడందాన్ని ఒగ్గీసినాను."

ఇదెవరితోనూ అనొద్దని కూడా అన్నాడు.

ఆదివారం నేనొక్కదాన్నే కొట్టుకు వెళ్ళాను. బల్ల వెనక నీలిమ లేదు. రాజేంద్ర శనివారమే ఆమెను ఇంటికి పంపేశాడట. దొంగ అని తాను అనలేదట, మీరే అన్నారు కదా దీదీ అని నాకే అప్పజెప్పాడు. నిప్పులేనిదే పొగ రాదు అని సామెత కూడా చదివాడు. వాపసు వచ్చిన మూడింటినీ తుడిచి చూశారా అని అడిగితే, నూనె కారే వాటిని ఎవరు ముట్టుకుంటారు, డీలరుకు పంపేశానన్నాడు. తప్పు మా నాన్న చెవిదేనని చెప్పాను. జాలిపడి ఆ పిల్లను వెనకేసుకొస్తున్నానని అనుకుని నవ్వాడు. బాబాయి వచ్చి తన నోటితో చెబితే అప్పుడు చూద్దామన్నాడు. ఆ నవ్వు చూస్తే వాంతి వచ్చేలా ఉంది. నన్ను నేను తలుచుకుంటే ఇంకా వచ్చేలా ఉంది. వాడు నమ్మింది నా మాటనీ మా నాన్న చెవినీ, అంతే కదా.

ఇంటికి వచ్చి నాన్నకు జరిగింది చెప్పాను. రేడియో పెంచాడు. సోమవారం చెప్పాను, మంగళవారం చెప్పాను. పెంచుతూనే ఉన్నాడు. చెవిటివాడని తెలిస్తే రేపు ఎవడు పంపు దగ్గరికి పిలుస్తాడు అన్నది ఆయన బాధ. ఆ మాట పైకి అననూ లేదు. ఒక పిల్ల పొట్ట కొట్టి కూర్చున్నావని అరిచాను. అరుస్తూ ఉండగానే, కొట్టిన చెయ్యి నాది కూడా అని గుర్తొచ్చి అసహ్యం వేసింది.

బుధవారం పొద్దున పెరట్లో పంపు వేసి ఉంది. నాన్న దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. స్క్రూడ్రైవర్ పిడిని కుడి చెవికి పెట్టి విన్నాడు. తరవాత ఎడమ చెవికి మార్చాడు. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది ఆయన మొహం. నన్ను చూసి లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, చొక్కా తెమ్మన్నాడు.

మేం కొట్టుకు వెళ్ళాక రాజేంద్ర ఫోను చేస్తే నీలిమ వచ్చింది. నాన్నకు ఎడం పక్కగా, గోడనానుకుని నిలబడింది. మా వైపు చూడలేదు. కొట్టులో బేరానికి వచ్చినవాళ్ళు అయిదారుగురు ఉన్నారు, అందులో ఇద్దరు నాన్నతో మిల్లులో పనిచేసినవాళ్ళు. చాటుకు రమ్మని లోపలికి పిలిచాడు రాజేంద్ర. నాన్న కదల్లేదు. నాలుగో హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"పీసులన్నీ బాగున్నాయి. నా ఎడం సెవి సచ్చిపోనాది. ఈ గుంట మొదటి నాడే సెప్పినాది, నానే ఇనలేదు" అన్నాడు.

మామూలుగా ఆయన మాట్లాడే గొంతే అది, అంటే రోడ్డు అవతలి వాళ్ళకు కూడా వినబడింది. మిల్లు వాళ్ళిద్దరూ తలలు వంచుకున్నారు. నవ్వుతారని భయపడ్డాడేమో, ఒక్కరూ నవ్వలేదు. రాజేంద్ర మాత్రం వెంటనే నవ్వు మొహం తొడుక్కుని, అయితే గొడవ తీరిపోయింది, రేపటి నుంచి డ్యూటీకి వచ్చెయ్ అన్నాడు నీలిమతో, సెలవు మీద వెళ్ళిన మనిషితో అన్నట్టు.

నీలిమ నన్ను దాటి నాన్న వైపు చూసి, మెల్లగా, ఎవరి మీదా కోపం లేనట్టు అంది.

"మీరొచ్చి చెప్పారు, ఠీక్ హై తాతగారూ. మా అమ్మ శనివారం నుంచీ రోజూ నా బ్యాగు తెరిచి వెతుకుతోంది."

చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆమె పెదాలు కదలడం నాన్న చూసినట్టున్నాడు, మాట మాత్రం అందలేదు. వెళుతున్న పిల్ల వైపు చూస్తూ, "ఏటన్నాదే?" అని నన్నడిగాడు. కొట్టులో అందరూ నా వైపు చూశారు. నేను ఆయన కుడి పక్కకు వెళ్ళి, ఆయనకు వినబడేంత గట్టిగా, ఆ మాట మొత్తం నా నోటితో చెప్పాను.