నలభై మూడో పేజీ

లైబ్రరీ పుస్తకాల వ్యాను మా ఊరికి మూడు వారాలకొకసారి, గురువారం పదిన్నరకు వస్తుంది. చాపెల్ వెనక ఆగుతుంది. వాన పడుతూ ఉంటుంది. పడకపోతే పడబోతూ ఉంటుంది.

హిల్డా క్రాబ్‌ట్రీ పదింటికే వచ్చి గోడవారగా నిలబడేది. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఉన్ని మిల్లులో ముప్ఫై ఏళ్లు గుడ్డ సవరించే పని చేసింది. నేసి వచ్చిన గుడ్డను బల్లమీద పరిచి, వేళ్లతో తడిమి, తెగిన పోగు ఎక్కడుందో, ముడి ఎక్కడుందో పట్టుకోవాలి. మిల్లు మూతపడింది. వేళ్లకు ఆ అలవాటు పోలేదు. పెళ్లి చేసుకోలేదు. కొన్ని రోజులు ఆమె నోరు తెరిచేది టీ తాగడానికే.

ఆమె చదివేవి ఒకే రకం పుస్తకాలు. ఓ చిన్న ఊళ్లో ఎవరో చస్తారు. పోలీసులకు అంతుపట్టదు. చేపలమ్మే విధవో, గడియారాలు బాగుచేసేవాడో, మూడొందల ఏళ్ల కిందటి మంత్రసానో అసలు సంగతి కనిపెడతారు. రక్తం ఎక్కువ ఉండదు. చివర అందరూ ఒక గదిలో కూర్చుంటారు.

ఇలాంటివి వందలు చదివినవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. అట్టలన్నీ ఒకలాగే ఉంటాయి. సగం చదివాక గానీ ఇది పాతదేనని తెలియదు. అందుకు మా ఊరివాళ్లు ఒక ఉపాయం పెట్టుకున్నారు. పుస్తకం పూర్తి కాగానే తమ ఇంటి నంబరున్న పేజీ తీసి, ఆ అంకె కింద పెన్సిలుతో చిన్న చుక్క పెడతారు. హిల్డాది ఇరవై ఏడో నంబరు ఇల్లు. వ్యాను నడిపే జానిస్ మొదట్లో ఆ చుక్కలన్నీ రబ్బరుతో తుడిచేది. తర్వాత విసిగి మానేసింది.

పదకొండేళ్ల కిందట హిల్డా నలభై మూడో పేజీలో ఒక చుక్క చూసింది. మరుసటి పుస్తకంలోనూ ఉంది. ఆ తర్వాతి దానిలోనూ. తనకు నచ్చిన ప్రతి పుస్తకాన్నీ నలభై మూడో నంబరు ఇంట్లో ఎవరో ముందే చదివి ఉండేవారు. అంతే కాదు. ఎక్కడో నడుమ ఒక పేజీ అంచున సన్నని గీత ఉండేది. అదేమిటో తెలుసుకోవడానికి ఆమెకు ఆరు పుస్తకాలు పట్టింది. హంతకుడెవరో నలభై మూడుకు తెలిసిపోయిన చోటది.

అప్పటినుంచి ఆమె ఒంటరిగా చదవలేదు. గీత కనబడేలోపు తానే పసిగట్టాలి. పందెం అది. ఎక్కువసార్లు ఓడిపోయేది. "ఎలా పట్టావయ్యా?" అని పైకే అనేది, వంటింట్లో.

ఈ వసంతంలో నలభై మూడో పేజీ ఖాళీగా వచ్చింది. మూడు వారాల తర్వాతా ఖాళీయే. హిల్డా పుస్తకాలు తెచ్చుకునేది, ఆ ఒక్క పేజీ తీసి వేలితో తడిమి చూసేది, మూసేసేది. మొదలుపెట్టబుద్ధి అయ్యేది కాదు. వ్యాను వచ్చినప్పుడు చదవనివి తిరిగిచ్చేసేది. ఐదు నెలలు అలాగే గడిచాయి. నలభై మూడు చచ్చిపోయి ఉంటే తనకు చెప్పాలని ఎవరికీ తోచదు. అది ఆమెకు నిద్రపట్టనివ్వలేదు.

ఆగస్టులో జానిస్‌ను అడిగింది.

"నలభై మూడో నంబరు ఇంటినుంచి ఎవరొస్తారు జానిస్?"

"ఏ వీధమ్మా?"

"తెలిస్తే నిన్నెందుకడుగుతాను?"

"తెలిసినా చెప్పకూడదు హిల్డా గారూ. ఉద్యోగం ఊడుతుంది. అయినా మీరు చదివేవన్నీ డిటెక్టివు పుస్తకాలేగా? మీరే పట్టుకోండి."

జానిస్ నవ్వింది. హిల్డా నవ్వలేదు. ఇంటికెళ్లి కుర్చీలో కూర్చుని తన దగ్గరున్న ఆధారాలు లెక్క వేసుకుంది. పుస్తకాల్లో పిప్పరమెంటు వాసన. పదకొండేళ్లలో మూడుసార్లు, పేజీల మధ్య చిన్న బూడిదరంగు ఈక. పావురం ఈక. మా ఊళ్లో పందెం పావురాలు పెంచేవాళ్లు కాలవ ఒడ్డు వీధిలోనే ఉన్నారు. ఆ వీధిలో ఇళ్ల నంబర్లు యాభై ఎనిమిది దాకా పోతాయి.

మర్నాడు ఉదయం కోటు వేసుకుని వెళ్లింది. నలభై మూడుకు కొత్త పరదాలున్నాయి. పెరట్లో పావురాల గూడు తలుపు తీసి ఉంది, లోపల ఎవరిదో సైకిలు. పక్కింటి ఆవిడ మోరీన్ మెట్లు కడుగుతోంది.

"ఎవరు కావాలి తల్లీ?"

"ఇక్కడ ఉండే..." హిల్డాకు పేరు తెలియదు. "పావురాలాయన."

"విల్ఫా? విల్ఫ్ బారక్లఫ్?"

మోరీన్ గుడ్డ పిండి బకెట్ మీద వేసింది. హిల్డా గేటు పట్టుకుని నిలబడింది.

"మార్చిలో తుంటి విరిగింది. పావురాల్ని అమ్మేశారు. ఆయన్ని తీసుకెళ్లి గుట్టమీద ముసలివాళ్ల హోమ్‌లో పెట్టారు. మీరు చుట్టాలా?"

"కాదు."

"మంచిదయింది. ఆయన చుట్టాల్నే రానివ్వడు."

గుట్టమీదికి గంటకొక బస్సు. హోమ్ ముందు గదిలో ఒక పుస్తకం ఉంది. వచ్చినవాళ్లు అందులో పేరు రాయాలి, ఎవరికోసం వచ్చారో రాయాలి, వాళ్లకేమవుతారో రాయాలి. హిల్డా మూడో గడి దగ్గర ఆగిపోయింది.

"ఏమవుతారు ఆయనకి?" అంది అక్కడి పిల్ల.

"ఏమీ కాను."

"అలా రాస్తే మా మేనేజరు ఊరుకోదండీ. స్నేహితురాలని రాయనా?"

"నీ ఇష్టం."

విల్ఫ్ బారక్లఫ్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, మడతపెట్టి కూర్చోబెట్టినట్టున్నాడు. ఒళ్లో పుస్తకం. పక్కన పిప్పరమెంట్ల పొట్లం.

"చర్చి తరఫున వచ్చారా? నాకు అక్కర్లేదు."

"కాదు. నేను ఇరవై ఏడు."

ఆయన ఒళ్లో పుస్తకం మూసి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఆడమనిషా! పోస్టుమాన్ అనుకున్నా ఇన్నేళ్లూ."

"ఎందుకూ?"

"అంత గట్టిగా పొడుస్తారేమిటి చుక్క? అవతలి పేజీలోకి దిగుతుంది. నాకంటే ముందు మీరు చదివినవి కొన్ని తెచ్చుకున్నా. ఒక్కటీ బాగాలేదు. మీరు అడ్డమైనవీ చదువుతారు."

"మీరు ముందు చదివినవి బాగుంటాయి," అంది హిల్డా. తర్వాత అంది: "నలభై మూడు ఖాళీగా ఉంది. ఐదు నెలలు. నేనేమనుకోవాలి?"

"ఇల్లు మారితే పేజీ మారదూ? గుమ్మం మీద పన్నెండని ఉంది. చూడలేదా? ఇన్ని హత్యలు చదివారు!"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఇత్తడి అంకెలు. తన సంచిలో నిన్న వ్యానులో తెచ్చుకున్న పుస్తకం ఉంది. తీసి పన్నెండో పేజీ తెరిచింది. చుక్క ఉంది. రాత్రంతా వంటింటి బల్లమీద ఉన్న పుస్తకం అది. అంతకుముందు చదవకుండా తిరిగిచ్చిన వాటిలో ఎన్నిట్లో ఉందో.

"జానిస్ మాకో పెట్టె దింపి వెళుతుంది," అన్నాడాయన. "అవే మీదాకా వస్తాయి."

నడవాలో టీవీ మోగుతోంది. ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు.

"గురువారం మళ్లీ రానా?" అంది హిల్డా.

"వద్దమ్మా."

కోపంగా అనలేదు.

"ఇక్కడ పొద్దస్తమానం మాట్లాడేవాళ్లే. స్నానమంటారు, పాటలంటారు, ఎలా ఉన్నావంటారు. నా బతుకులో చప్పుడు చెయ్యని మనిషి మీరొక్కరే. పదకొండేళ్లు బాగానే గడిచింది. పాడుచేసుకోవద్దు."

హిల్డా తల ఊపింది. సంచి సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"చదివిన పుస్తకాలు మళ్లీ తెరుస్తారా ఎప్పుడైనా?"

"ఎందుకు తెరుస్తా? ఎవరు చంపారో తెలిశాక?"

బస్సులో ఆమె మొదటి పేజీనుంచి చదవడం మొదలుపెట్టింది. ఒక పాత రేవు పట్నం. తాళ్లు పేనే ఒక ఆడమనిషి. ఇంటికి వచ్చాక కోటు విప్పకుండానే చదివింది. టీ పెట్టుకుని మరిచిపోయింది. తొంభై ఒకటో పేజీలో, శవానికి కట్టిన ముడి గురించి ఒక వాక్యం వచ్చింది. ఆమె వేలు అక్కడ ఆగింది. హంతకుడెవరో తెలిసిపోయింది.

ముందుకు తిప్పింది. నూట పద్దెనిమిదో పేజీ అంచున ఆయన గీత ఉంది.

గెలిచింది. ఇరవై ఏడు పేజీల ముందే. చెప్పడానికి తల ఎత్తింది. ఎదురుగా గోడ ఉంది.

పూర్తి చేసి, ఇరవై ఏడో పేజీలో చుక్క పెట్టింది. ఈసారి మెల్లగా, అవతలికి దిగకుండా. తర్వాత తొంభై ఒకటో పేజీకి వెళ్లింది. ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని. అంచున సన్నగా ఒక గీత గీసింది.

వ్యాను మళ్లీ వచ్చిన గురువారం ఆ పుస్తకం జానిస్‌కు తిరిగి ఇచ్చేసింది.