ధర్మవరం బస్సులో నా సీటు

ఆ రోజుల్లో హిందూపురం బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకునేవాళ్లం. కొత్తగా ఫిజిక్సు లెక్చరరునైన నేను విసిరే కర్చీఫు మాత్రం గాలికి తేలి నా మొహం మీదికే వచ్చేది. తేలికైనదాన్ని గాలి ఆపేస్తుంది, బరువైనది దూసుకుపోతుంది అని పిల్లలకు చెప్పేవాణ్ణి నేనే కదా! ఒకరోజు ఒళ్లుమండి, ధర్మవరం బస్సు వస్తుండగా లావుపాటి ఫిజిక్సు పుస్తకాన్ని బలంకొద్దీ విసిరాను. గురి తప్పలేదు, సూటిగా కిటికీలోకి పోయింది.

తోసుకుంటూ ఎక్కి చూస్తే ఆ సీట్లో ఒక అవ్వ కూర్చునుంది.

“అవ్వా, ఇది నా సీటు. పుస్తకం ఏసినా.”

“నీ సీటు ఈ కిటికీలో వచ్చి ఆ కిటికీలో పాయ నాయనా. ఆడ రోడ్డు మీద ఉండాది, పోయి కూర్చో.”