గోంగూర సీసాకు చోటు లేని ప్రయాణం

రెండువేల ఇరవై ఐదు వేసవి. రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక టీ కొట్టు పైన మా ఆఫీసు. వీసాలు, పాస్‌పోర్టులు, ప్రయాణ పత్రాలు చూసిపెట్టడం నా వృత్తి. ఇరవై ఏళ్ళు దాటింది ఈ పనిలోకి వచ్చి. మనిషి కుర్చీలో కూర్చునే పద్ధతిని బట్టే వీసా వస్తుందో రాదో చెప్పేస్తానని నాకొక పేరుంది. ఆ పేరు నేనే పుట్టించాననుకోండి, అది వేరే సంగతి.

ఆ వేసవిలో మా మెట్లెక్కినవాళ్ళలో చాలామంది ‘ట్రస్టెడ్ ట్రావెలర్’, అంటే నమ్మకస్థుడైన ప్రయాణికుడు, అనిపించుకోవాలని వచ్చినవాళ్ళే. సరిహద్దు దగ్గర అడిగే ప్రశ్నలకు ఇంటి దగ్గరే ముందుగా జవాబు చెప్పుకోవడం అన్నమాట. మీ చరిత్రంతా ప్రభుత్వం ముందు పరుస్తారు. వాళ్ళు తిరగేసి చూసి సరే అంటే విమానాశ్రయంలో మీకు మామూలు క్యూ ఉండదు. మన దగ్గరైతే ‘ఈ-గేటు’ ఉంటుంది. పాస్‌పోర్టు, వేలిముద్ర, ముఖం సరిపోల్చుకుని దానంతటదే తెరుచుకునే గేటు అది. అమెరికాలో దిగేటప్పుడు అలాంటిదే ‘గ్లోబల్ ఎంట్రీ’. ఇందులో ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఉంది. మన పౌరుడు వాళ్ళ గ్లోబల్ ఎంట్రీ అడిగితే, ముందు ఇక్కడ మనవాళ్ళు విచారించి ఫర్వాలేదనాలి. మావాడు మంచివాడు, మాది పూచీ అని ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వానికి చెప్పడం. పెళ్ళి సంబంధంలో మధ్యవర్తి మాటలాంటిది.

వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి అది అవసరం కాదు, దర్జా. “మా టీమ్‌లో అందరికీ ఉంది మేడమ్, నాకొక్కడికే లేదు” అంటాడొకాయన. ఏడాదికి ఒకసారి విమానమెక్కే మనిషికి క్యూలో నిలబడితే కాళ్ళరుగుతాయా? అడిగేశాను. ఆయన మళ్ళీ రాలేదు. నష్టం నాకే, కానీ నోరు ఊరుకోదు.

శివారెడ్డి గారు వచ్చినప్పుడు కూడా అలాంటి మనిషే అనుకున్నాను. యాభై దాటిన వయసు, ప్రొద్దుటూరు వైపు మాట. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో చాలాకాలం కెమిస్టుగా చేశారట. ఆ యూనిట్ మూతపడ్డాక మాదాపూర్‌లో ఒక డాక్టరు నడిపే చిన్న కంపెనీలో చేరారు.

“ఏం పని సార్ అండ్ల?” అని అడిగాను.

“పెట్టె మోసే పని మేడమ్.”

నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. రక్తం క్యాన్సర్ లాంటి జబ్బులున్నవాళ్ళకు వేరేవాళ్ళ మూలకణాలు ఎక్కిస్తారు. సరిపోయే దాత ఒక దేశంలో, రోగి ఇంకో దేశంలో ఉండొచ్చు. దాత దగ్గర తీసిన కణాల సంచిని చల్లటి పెట్టెలో పెట్టుకుని ఒక మనిషి చేత్తో పట్టుకుని పోవాలి. సామాన్లలో వేయకూడదు, ఎక్స్‌రే కింద పెట్టకూడదు, బాత్రూముకు పోయినా వదలకూడదు.

నేను ఊరుకుంటానా? “ఆ క్యూల నిలబడ్తే ఏమైతది సార్? సంచి పారిపోతదా?” అన్నాను.

“సంచి పారిపోదు మేడమ్. దాంట్లోని కణాలు చస్తాయి. అవతల ఆస్పత్రిలో ఆ పేషెంటుకు ముందే మందులిచ్చి ఎముకల్లోని సొంత మూలుగంతా చంపేసి పెట్టుంటారు, కొత్తది పట్టాలని. ఇంగ నేను పోకపోతే ఆ మనిషి వెనక్కి మళ్ళే దారి లేదు. పోయినసారి నేను దిగిన చోట క్యూ ఎంతుండెనో మీరు చూసుంటే తెలిసేది. తరువాతి విమానం అందుకుంటానో లేదో అని నిలబడినంతసేపూ గడియారమే చూస్తా ఉన్న్యాను.”

ఆయన కేసు నేనే చూస్తానని ఆ రోజే చెప్పాను. ఫీజు విషయంలో మాత్రం తగ్గలేదు. అది కూడా చెప్పాలి.

పని సులువుగా కాలేదు. విచారణకు మణికొండలో ఆయన ఫ్లాటుకు పోలీసు వచ్చి వెళితే, పక్కింటివాళ్ళు రెండు వారాలు ఆయనతో లిఫ్టు ఎక్కలేదు. అమెరికా వైపు ‘కండిషనల్ అప్రూవల్’ వచ్చింది. పత్రాల్లో సరే, ముఖాముఖి మాట్లాడాక ఖాయం అని దానర్థం. ఆ ఇంటర్వ్యూ ఒక ప్రయాణంలో అక్కడ దిగినప్పుడే అయిపోయింది. మన ఈ-గేటు దగ్గరే చిక్కు. ఏళ్ళ తరబడి రసాయనాల్లో పెట్టిన చేతులు కదా, వేళ్ళ మీద గీతలు అరిగిపోయి యంత్రం ఆయన్ని మనిషిగానే గుర్తించనంది. రోజూ పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకోమని, వంటింట్లో గిన్నెలు తోమవద్దని చెప్పి పంపాను. “మా ఇంట్లో ఆ రెండోది మీరే చెప్పండి మేడమ్, నేను చెప్తే నమ్మరు” అన్నారు. చెప్పాను. చివరికి మరోసారి వెళ్ళినప్పుడు ముద్రలు పడ్డాయి.

రెండు అనుమతులూ చేతికొచ్చాక పెట్టెతో మొదటి ప్రయాణం. గేటు నిజంగా తెరుచుకుంటుందో లేదోనని నాకే మనసాగక శంషాబాద్ వెళ్ళాను. లోపలికి నన్ను రానివ్వరు, బయటే నిలబడి ఫోన్లో వింటానన్నాను. మధ్యాహ్నం ఎండ. ఆయన ఆస్పత్రి నుంచి సరాసరి వచ్చారు. నీలం రంగు పెట్టె, దాని పట్టీ భుజానికి అడ్డంగా వేసుకుని. ఇంకో చేతిలో చిన్న సూట్‌కేసు.

అప్పుడే ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి సుగుణ గారు దిగారు. కంపెనీ డాక్టరు గారి భార్య. కోస్తా మనిషి, మర్యాదకు పెట్టింది పేరు. చేతిలో టేపు చుట్టిన పార్శిల్.

“అమ్మయ్య, దొరికారండి శివారెడ్డి గారూ! లోపలికెళ్ళిపోయారేమోనని హడలిపోయాను. ఇదిగోండి, మా చెల్లెలికి. మీరు వెళ్ళే ఊళ్ళోనే ఉంటుంది, ఎయిర్‌పోర్టుకే వచ్చి తీసుకుంటుంది.”

“ఏముందమ్మా దీంట్లో?”

“గోంగూర పచ్చడండి, అంతే. దానికి నాలుగో నెల. ఎన్నేళ్ళకో నిలిచిన కడుపు. మంచినీళ్ళు కూడా ఇమడటం లేదట. అక్కా, నీ చేతి గోంగూరైతే రెండు ముద్దలు తింటానే అని ఫోన్లో ఒకటే ఏడుపండి.”

మన దేశంలో విమానమెక్కే మనిషికి ఒక పార్శిల్ అప్పగించకపోవడం అమర్యాద. తీసుకోనని చెప్పడం ఇంకా పెద్ద అమర్యాద. ఇచ్చేది యజమాని భార్య అయితే ఇక చెప్పేదేముంది?

శివారెడ్డి గారు తల అడ్డంగా ఊపారు. “ఏమనుకోవాకండమ్మా, నేను తీసకపోలేను.”

ఆవిడ ముఖం వాడిపోయింది. నాకు జాలి కలిగింది. “ఏంది సార్, కడుపుతోని ఉన్న పిల్ల! ఊరగాయే గదా. దిగినంక డిక్లేర్ చేయుండ్రి, అయిపాయె” అన్నాను. ‘డిక్లేర్’ అంటే నా దగ్గర ఫలానాది ఉందని కస్టమ్స్‌వాళ్ళకు ముందే చెప్పేయడం. చెబితే కూరగాయల పచ్చళ్ళను మామూలుగా వదిలేస్తారు. ఇది నాకు తెలిసిన విద్య, అందుకే గొంతు పెంచాను.

ఆయన నా వైపు చూశారు. “ఈ మాట మీరు చెప్తాండారా మేడమ్? సరే, విప్పండి. చూద్దాం.”

అక్కడే బెంచీ మీద విప్పారు. కవరు, దాని లోపల ఇంకో కవరు, చుట్టూ పాత చీర ముక్క, మధ్యలో సీసా. సీసా కింద తడిగుడ్డలో ఏదో మడిచి ఉంది. తీస్తే పచ్చటి కరివేపాకు రెబ్బలు.

“ఇదేందమ్మా?”

“కరివేపాకండి. మా పెరట్లోది. ఆకే కదా, అదీ ఒక వస్తువేనా చెప్పడానికి?”

పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు. అక్కడి నిమ్మ, నారింజ తోటలకు తెగులు తెచ్చే పురుగు దాని మీద వస్తుందని భయం. చెప్పకుండా పట్టుబడితే మామూలు ప్రయాణికుడికి జరిమానా. గ్లోబల్ ఎంట్రీ ఉన్నవాడికైతే ఆ అనుమతే పోవచ్చు. ‘రివొకేషన్’ అంటారు, ఇచ్చిన నమ్మకాన్ని వెనక్కి లాక్కోవడం. అంతకంటే ముందు పక్కకు పిలిచి నిలబెడతారు. ఆయన నిలబడితే ఆ నీలం పెట్టె కూడా నిలబడాలి.

అయినా నా వాదన నేను వదల్లేదు. “ఆకు తీసి నా చేతికియ్యుండ్రి. సీసా పట్టుకపోండ్రి. ఇగ ఫికరేముంది?”

“మేడమ్, ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో ఆకు వస్తువే కాదు. అట్లా లెక్కలోకి రానివి ఇంకేమేం ఉండాయో మీరే అడగండి.”

అడిగాను. సుగుణ గారు చీర కొంగు సర్దుకున్నారు. “ఇంకేముంటాయండీ, ఉత్త గోంగూరే...” అని ఆగారు. “నాలుగు మటన్ ముక్కలు వేశానండి, దానికి ఇష్టమని. ఇంతింతే. కళ్ళకు ఆనవు కూడా.”

సీసాను నేనే మళ్ళీ చీర ముక్కలో చుట్టేశాను. మాంసం అసలు పనికిరాదు, డిక్లేర్ చేసినా చెత్తబుట్టకే.

కానీ సుగుణ గారికి కోపం వచ్చేసింది. అవమానమూ, చెల్లెలి ఏడుపూ కలిసి వచ్చిన కోపం. “మా ఆయన ఇచ్చిన ఉద్యోగమే కదండీ మీది? ఎవరో మొహం తెలియని మనిషి కోసం ఇంత చేస్తారు, మా ఇంటి ఆడపిల్లకు ఒక్క సీసా తీసుకెళ్ళలేరా? డాక్టరు గారితో మాట్లాడతాను నేను!”

“మాట్లాడండమ్మా. తీసేయాలనుకుంటే తీసేయమనండి. ఈ పెట్టె ఇచ్చి వచ్చినాక.” ఆయన గొంతు పెరగలేదు. పట్టీ సవరించుకుని మళ్ళీ ఆవిడ వైపే తిరిగారు. “అవతల ఆస్పత్రిలో పండుకోనుండేది కూడా ఎవురో ఒకరి చెల్లెలో తమ్ముడో అయుంటారు. మీ చెల్లెలుండే ఊళ్ళో మనోళ్ళ అంగళ్ళు ఉంటాయమ్మా. గోంగూర ఆకు అక్కడే దొరుకుతాది. మీరు ఫోన్లో ఒక్కొక్కటే చెప్తా చేయించండి. వేడిగా తింటాది.”

లోపలికి వెళ్ళిపోయారు. సుగుణ గారు కారెక్కలేదు. పార్శిల్ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయారు. పక్కన నేను. కొంతసేపటికి ఫోను మోగింది.

“మేడమ్, తెరుచుకున్యాది. ఒక్క మనిషి కూడా లేడు నా ముందర.”

ఆ తర్వాత సంగతి ఆయన తిరిగి వచ్చాక చెప్పారు. గల్ఫ్‌లో విమానం మారి, అమెరికాలో దిగి, గ్లోబల్ ఎంట్రీ యంత్రం ముందు నిలబడితే ముఖం చూసి పంపేసింది. అటు పక్క మామూలు క్యూ తాళ్ళ మధ్య పాములా తిరిగి ఉందట. అయితే బయటికి వెళ్ళే చోట ఒక అధికారి చెయ్యెత్తి ఆపాడు. నమ్మినవాళ్ళను కూడా అప్పుడప్పుడూ ఊరికే ఆపి చూస్తారు, అది పద్ధతి. సూట్‌కేసు తెరిచాడు. రెండు చొక్కాలు, తువ్వాలు, షేవింగ్ సెట్టు. తిండి సామాను ఏమైనా ఉందా అని అడిగాడు. లేదు. ఇంకెవరి వస్తువులైనా ఉన్నాయా? లేవు. పెట్టె పత్రాలు చూశాడు, పొమ్మన్నాడు. ఆయన వెళ్ళేసరికి తరువాతి విమానం దగ్గర జనం ఎక్కుతున్నారు. అది తప్పితే మళ్ళీ మర్నాడే.

ఆ గోంగూర సీసా సూట్‌కేసులో ఉండి ఉంటే? ఈ ప్రశ్న నేను వేసుకోను. వేసుకున్నప్పుడల్లా, బయట నిలబడి “అయిపాయె” అన్న నా గొంతు వినిపిస్తుంది.

సంచి చేరింది. అది ఎవరికి ఎక్కించారో, వాళ్ళు కోలుకున్నారో లేదో ఆయనకు తెలియదు. చెప్పరు, అడగకూడదు. “సంతకం చేయించుకున్యాను, పక్కనుండే హోటల్లో పడి నిద్రపోయినాను” అన్నారు. అంతే ఆయన చెప్పిన గొప్ప.

డాక్టరు గారు నాకు ఫోన్ చేశారు. “ఏం జరిగింది మేడమ్? మా ఇంట్లో రెండు రోజులుగా పరేషాన్‌గా ఉంది.”

“ఏం జరిగిందా డాక్టర్ సాబ్? మీ ఇంటి పార్శిల్‌ను కాదన్నోడు లోకంల ఇంకెవ్వని పార్శిల్ పట్టడు. గసుంటి మనిషి మీకు దొర్కిండు. ఉంచుకుంటరో తీసేస్తరో మీ ఇష్టం. తీసేస్తే నాకు చెప్పుండ్రి, నేను పెట్టుకుంట.”

అవతల నుంచి నవ్వు వినిపించింది. మరుసటి నెల పెట్టె కూడా శివారెడ్డి గారే పట్టుకెళ్ళారు.

ఇన్నేళ్ళూ నేను క్లయింట్లను కేసులున్నాయా, జరిమానాలున్నాయా, పాత పాస్‌పోర్టులున్నాయా అని అడిగేదాన్ని. ప్రభుత్వాలకు కావలసింది అదే. కానీ పోలీసు రికార్డు శుభ్రంగా ఉన్నవాళ్ళు ఈ సైబరాబాద్‌లో కోకొల్లలు. ఎదురుగా నిలబడి బతిమాలే తెలిసిన మనిషిని, ఎక్కడో పడుకుని ఉన్న తెలియని మనిషి కోసం కాదనగలవాళ్ళు ఎంతమంది? నమ్మకస్థుడు అనే మాటకు నేను అర్థం నేర్చుకున్నది ఆ బెంచీ దగ్గరే. ఇప్పుడు నా మొదటి ప్రశ్న మారింది. “మీ అత్తగారు పార్శిల్ ఇస్తే వద్దనగలరా?” అని అడుగుతాను. చాలామంది అక్కడే తడబడతారు.

చలికాలం మొదలయ్యాక సుగుణ గారు మా మెట్లెక్కి వచ్చారు. చెల్లెలి కాన్పుకు వెళ్ళాలట. వీసా పాతదే ఉంది, ప్రయాణం వచ్చే వారమే; పత్రాలు ఒకసారి చూడాలి, తిరిగొచ్చేటప్పటికైనా పనికొస్తుందని ఈ-గేటుకు కూడా దరఖాస్తు పెట్టాలి. ఫోన్లో చెప్పి చేయించిన గోంగూర మొదటిసారి మాడిపోయిందట, రెండోసారి కుదిరిందట. నా ప్రశ్న నేను అడిగాను.

ఆవిడ నవ్వేశారు. “శివారెడ్డి గారినే అడిగానండి. మీకన్నీ తెలుసు కదా, నా సూట్‌కేసు మీరే వచ్చి సర్దిపెట్టండి అన్నాను. ఒప్పుకోలేదు. ‘అది మీరే సర్దుకోవాలమ్మా, అక్కడ జవాబు చెప్పాల్సింది మీరు కదా’ అన్నారు. నిన్న రాత్రంతా కూర్చుని సర్దుకున్నానండి. మూడుసార్లు ఏదో ఒకటి బయటికి తీశాను.”