పది అక్షరాల్లో పోయిన తేదీ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. (ఇప్పుడు చాలా ఉన్నాయి. వయసుతో పాటు తెలివి తగ్గుతుందనడానికి నేనే రుజువు.) పదో తరగతి లెక్కల పరీక్ష మూడోసారి కూడా నన్ను పాస్ చెయ్యలేకపోయేసరికి, దాని మీద జాలిపడి నేనే చదువు మానేశాను. జంషెడ్‌పూర్ పక్కనే ఆదిత్యపూర్‌లో మా పెదనాన్నకి లేత్ షాపు ఉండేది. అక్కడ ఆర్నెల్లు ఇనప రజను మింగాక, మా అమ్మ సోనారిలో ఉండే ఒక తెలుగు ఇంజినీరు గారింటికి నన్ను ఈడ్చుకెళ్లింది. ఆయనకి మేడ మీద రెండు గదుల కంప్యూటర్ ఆఫీసు ఉంది. "మావోడికి సదువు అబ్బనేదు గానీ బుర్రుంది బాబూ," అంది అమ్మ. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, బుర్ర ఎక్కడుందో దొరకనట్టు, "నెల రోజులు చూస్తానమ్మా. పని చేస్తే ఉంటాడు, లేకపోతే మళ్లీ లేతే," అన్నారు. పెదనాన్న నా స్టూలు ఇంకెవరికీ ఇవ్వకుండా అలాగే ఉంచాడు. ఆ స్టూలు నాకు కలలోకి వచ్చేది.

మూడు వారాలు ప్రింటర్లో కాగితాలు పెట్టడం, టీ చెప్పడం, చెప్పిన టీ నేనే తాగెయ్యడం. నాలుగో వారం అదృష్టం తలుపు తట్టింది. మా తెలుగు సంఘం వాళ్ల సభ్యుల జాబితా ఏ కాలం నాటిదో ఒక డేటాబేస్‌లో ఉండేది. దాన్ని కొత్త డేటాబేస్‌లోకి మార్చాలి. సార్ చెప్పింది నాకర్థమైన మేరకు ఇది క్వార్టర్ మారడం లాంటిది. పాత ఇంట్లో ఏ సామాను ఏ అరలో ఉందో, కొత్తింట్లో ఏ అరలోకి వెళ్లాలో ముందే ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితాన్నే మ్యాపింగ్ షీట్ అంటారు. అది తప్పితే పచ్చడి జాడీ దేవుడి గూట్లో కూర్చుంటుంది. ఆఫీసులో ఉన్న ఇద్దరు ఇంజినీర్లూ హిందీవాళ్లు. పాత జాబితాలో కాలమ్‌ల పేర్లేమో ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. "యే క్యా లిఖా హై భాయ్?" అని వాళ్లు తలలు పట్టుకుంటే, నేను కాలర్ సర్దుకుని కుర్చీ లాక్కున్నాను. చదువు ఆగిపోయింది గానీ తెలుగు ఆగలేదు కదా!

ఇంటిపేరు, ఊరు, ఫోను అన్నీ టకటకా జత చేసేశాను. చివర్లో రెండు కాలమ్‌లు మిగిలాయి: 'VACHINDATE', 'POYINADATE', అంటే 'వచ్చిన డేట్', 'పోయిన డేట్'. కొత్త డేటాబేస్‌లో కూడా సరిగ్గా రెండే ఖాళీ: సభ్యుడు చేరిన తేదీ, సభ్యుడు మరణించిన తేదీ. నాకు ఒళ్లు జలదరించింది. రావడం, పోవడం. మనిషి బతుకంతా రెండు కాలమ్‌ల్లో పెట్టిన ఆ మహానుభావుడెవరో! (ఆ మహానుభావుడు మా వీధి చివరే ఉండేవాడు, సంఘం పెసిడెంటు తాత. రిటైరయ్యాక కంప్యూటర్ నేర్చుకుని ఆ జాబితా తనే కట్టాడు. వెళ్లి అడిగితే అయిపోయేది.) సార్ పొద్దున్నే చెప్పారు కూడా, "అనుమానం వస్తే అడుగు," అని. కానీ అనుమానం రావడానికి కూడా కొంచెం చదువుండాలి. పోయిన తేదీని తీసుకెళ్లి మరణించిన తేదీలో పెట్టాను. తేదీ వెళ్లి తేదీలోనే పడింది కాబట్టి యంత్రం కిక్కురుమనలేదు. సార్ కూడా అక్కణ్ణుంచి ఎన్ని పేర్లు బయల్దేరాయి, ఇక్కడికి ఎన్ని చేరాయి అని సరిచూసి, "పర్వాలేదే!" అన్నారు. ఆ శనివారం మధ్యాహ్నం నేను నడిచిన నడక చూస్తే ఫ్యాక్టరీ జీఎం కూడా పక్కకి తప్పుకునేవాడు.

కొత్త సాఫ్ట్‌వేర్‌కి మర్యాద ఎక్కువని నాకెవరూ చెప్పలేదు. ఎవరైనా పోయారని తెలిస్తే, రిజిస్టరైన నంబరుకి మర్నాడు ఉదయం ఎనిమిదింటికి తనంతట తనే సంతాపం పంపుతుంది. ఆదివారం సరిగ్గా ఎనిమిదింటికి జంషెడ్‌పూర్‌లో సగం తెలుగువాళ్లు తమ మరణవార్త తామే చదువుకున్నారు. పెసిడెంటు తాత ఇంట్లో అప్పుడే టిఫిన్. మామ్మ ఫోను తీసి మెసేజీ పైకి చదివి, "మీరు తీరని లోటంట. మరి ఇడ్లీలు ఎన్నెట్టమంటారు?" అని అడిగిందట.

ఆ రోజు పదింటికి సంఘం హాల్లో కొత్త జాబితా ప్రారంభం. నేను ఇస్త్రీ చొక్కాతో వెళ్లేసరికి గేటు దాకా స్కూటర్లూ ఆటోలూ. నన్ను చూడ్డానికే అనుకున్నాను. నిజమే, నన్ను చూడ్డానికే. "ఆడేనా? ఆ సన్నటోడేనా?" అంటున్నారు. ఒకాయన, తన కొడుకు "పాపా, ఛోడో నా," అని చెయ్యి పట్టుకు లాగుతున్నా వినకుండా నా ముందుకొచ్చి, "ఏటిరా, నానెప్పుడు సచ్చిపోనాను? నీకు కబురెవుడు ఎట్టాడు?" అన్నాడు. ఇంతలో సార్ లాప్‌టాప్ తెరిచి చూసి కళ్లజోడు తీసేశారు. విషయం అప్పుడు బయటపడింది. సంఘానికి ఒక్కసారైనా వచ్చినవాళ్లందరూ పోయారు. గడప తొక్కని మహానుభావులకి ఆ కాలమ్ ఖాళీ కాబట్టి వాళ్లు మాత్రం చిరంజీవులు.

పెసిడెంటు తాత చేతికర్ర నేలకేసి కొట్టాడు. "పోయినసారి వచ్చిన తేదీ రా అది! కాలమ్ పేరు పది అచ్చరాలు దాటకూడదంది ఆ పాత యంత్రం. 'పోయిన', 'డేట్' కలిపేసరికే పదీ అయిపోతే నానేటి సెయ్యను?"

"మరి పక్కన 'వచ్చిన' అనుంది కదా తాతా... వచ్చిన, పోయిన... వేదాంతం అనుకున్నాను," అన్నాను.

"వేదాంతవా! నా ఇంటిదాకా వచ్చి ఒక్క మాట అడగనేవా? సారూ, ఈణ్ణి ఇప్పుడే ఆళ్ల పెదనాన్న కాడికి పంపీండి!"

నా కళ్ల ముందు స్టూలు కనపడింది. సార్ నోరు తెరవబోతుంటే, వెనక నుంచి గోవింద్‌పూర్‌లో ఉండే ఒక మామ్మ నెమ్మదిగా ముందుకొచ్చింది. ఆవిడ చేతిలోనూ ఫోనుంది. "తిట్టకండి బాబూ ఆ గుంటణ్ణి," అంది. "మా ఆయన పోయి రెండేళ్లయింది. మీరెవరూ రానేదు. మీకు తెలీదేమో అనుకున్నాను. పొద్దున్న మెసేజీ వచ్చింది. మనవరాలు రెండుసార్లు సదివింది." తాత కర్ర పక్కన పెట్టి, కూర్చున్న కుర్చీ ఆవిడకి జరిపాడు. తాతా, ఆవిడ భర్తా ఒకప్పుడు ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లట.

తాత నావైపు తిరిగి, "అందర్నీ బతికించీరా. ఆ ఒక్కడి తేదీ మాత్రం... అడిగి రాయి," అన్నాడు. నేను మామ్మ పక్కన నేల మీద కూర్చుని అడిగాను. ఆవిడ చెప్పింది, నేను రాశాను. మొత్తం ఆ జాబితాలో నేను అడిగి రాసిన మొదటి తేదీ అదే.

తర్వాత మిగిలినవాళ్లంతా తాము బతికే ఉన్నట్టు వరసలో నిలబడి చెప్పుకున్నారు. "నాను పెసిడెంటుగా ఉండగా ఇంతమంది ఎప్పుడూ రానేదు," అన్నాడు తాత, మళ్లీ కోపం తెచ్చుకోబోయి తేలేక. సార్ లాప్‌టాప్ మూస్తూ, "రేపు పదింటికి రా. ముందు ఫోన్ చేసి అడుగు, తర్వాత రాయి," అన్నారు. ఆ రేపు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఇప్పుడు కొత్తగా వచ్చే ఇంజినీర్లకి మ్యాపింగ్ షీట్ నేనే దిద్దుతాను. "ఈ పేరు పెట్టినాయన్ని కలిశారా?" అని అడిగితే, పాపం, నాకు చదువు లేక అడుగుతున్నాననుకుంటారు.

ఆ ఆదివారం చిరంజీవుల జాబితాలో నా పేరు కూడా ఉందని చెప్పడం మరిచాను. అంతకుముందు నేనెప్పుడు సంఘానికి వెళ్లాను కనక! ఇప్పుడు ప్రతి నెలా వెళ్తున్నాను, తాత కుర్చీ పక్కనే కూర్చుంటాను. గుమ్మం దగ్గర అమ్మాయి నా పేరు ఎదురుగా తేదీ కొడుతుంటే నాకు నవ్వొస్తుంది. నా పాత మ్యాపింగే గనక ఉండి ఉంటే, ఈ నెల కూడా నేను పోయినట్టే.